మట్టిలో కలిసిపోయే మల్చింగ్ షీటు: ఏది కలుస్తుంది, ఏది కలవదు

ఆచ్ఛాదన మీద పెట్టిన వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఇప్పుడు బయోడిగ్రేడబుల్ మల్చింగ్ షీటు అని వస్తోంది. పంట అయ్యాక తీయక్కర్లేదు, రోటవేటర్ వేసేస్తే మట్టిలో కలిసిపోతుందంటున్నారు. మన పద్ధతిలో వాడుకోవచ్చా?" అని. అవును, కాదు అని ఒక్క మాటలో తేల్చే విషయం కాదిది. ఎందుకంటే "బయో" అని రాసి అమ్మే వాటిలో కనీసం నాలుగు రకాల సరుకుంది. అందులో ఒకటి నిజంగానే మట్టి తినేది. ఇంకొకటి మామూలు ప్లాస్టిక్ కన్నా చెడ్డది. వీడియోలో ముక్కలు పాతిపెట్టడం, తీయడం చూపించాను గానీ కారణాలు చెప్పడానికి టైము సరిపోలేదు. అవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మామూలు షీటు లెక్క చూద్దాం. 25 మైక్రాన్ల షీటు చదరపు మీటరుకు దాదాపు 23 గ్రాములు తూగుతుంది. నాలుగడుగుల వెడల్పు షీటు, ఐదడుగులకో బెడ్డు అనుకుంటే ఎకరాకు 2,700 మీటర్ల దాకా పరచాలి. అంటే ఒక పంటకి ఒక ఎకరంలో సుమారు 75 కిలోల ప్లాస్టిక్. పంట అయ్యాక కూలీలను పెట్టి తీయిస్తాం. పైన ఉన్నది వస్తుంది, మట్టి కప్పిన అంచులు తెగి లోపలే ఉండిపోతాయి. పదో వంతు ఉండిపోయిందనుకున్నా ఏడున్నర కిలోలు. ఏడాదికి రెండు పంటలు, పదేళ్లు అనుకుంటే ఆ లెక్క మీరే వేసుకోండి. టమాటా, పుచ్చ, మిరప ఏళ్ల తరబడి షీటు మీద పండించిన పొలంలో దుక్కి దున్నినప్పుడు వెండి రంగు పేలికలు గొర్రుకి చుట్టుకోవడం మీలో చాలామంది చూసే ఉంటారు.

దీని చివర ఎక్కడుందో తెలుసుకోవాలంటే చైనాను చూడాలి. అక్కడ షింజియాంగ్ పత్తి పొలాల్లో దశాబ్దాలుగా పల్చటి షీట్లు వాడారు. ఎనిమిది మైక్రాన్లంటే ఇక తీయడానికి చేతికే రాదు. మట్టిలో పొరలు పొరలుగా పేరుకుపోయి వేరు దిగక, నీళ్లు ఇంకక ఇబ్బంది పడ్డారు. దానికి వాళ్లు పెట్టిన పేరు "తెల్ల కాలుష్యం". చివరికి 2017లో ప్రమాణం మార్చి కనీస మందం 10 మైక్రాన్లు ఉండాలన్నారు, కనీసం చినగకుండా తీయడానికైనా పనికొస్తుందని.

మట్టి దేన్ని తింటుంది?

"అన్నా, జీవామృతం బాగా పోస్తే ప్లాస్టిక్ కూడా కరిగిపోతుందా?" అని ఒకాయన అడిగాడు. పాలిథీన్ అయితే కరగదు. డ్రమ్ములకు డ్రమ్ములు పోసినా కరగదు. కారణం జీవామృతంలో లేదు, ఆ ప్లాస్టిక్ నిర్మాణంలో ఉంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మామిడాకు పైన నున్నగా మెరిసే పొర ఉంటుంది కదా, వాన పడినా ఆకు నానదు. ఆ పొరలో మైనంతో పాటు క్యూటిన్ అనే పదార్థం ఉంటుంది. అది ప్రకృతి తయారుచేసుకున్న పాలిస్టరు. అవును, చొక్కా గుడ్డలో ఉండే పాలిస్టర్ కుటుంబమే. చిన్న చిన్న అణువులు ఈస్టర్ అనే ముడులతో గొలుసులా కట్టి ఉంటాయి. చెట్టు కింద రాలిన ఆకును శిలీంద్రాలు, బ్యాక్టీరియా తినాలంటే ముందు ఆ ముడి విప్పాలి. అందుకు వాటి దగ్గర క్యూటినేజ్ అనే ఎంజైము ఉంది. కోట్ల ఏళ్లుగా అడవిలో ఆకు కుళ్లుతోందంటే ఆ ఎంజైము పనే.

పాలిథీన్‌లో అలాంటి ముడే లేదు. మొదటినుంచి చివరిదాకా కార్బన్ పక్కన కార్బన్, నున్నటి ఇనుప కమ్మీలాగా. ఎంజైము పట్టుకోవడానికి అంచు దొరకదు. పైగా నీళ్లు అంటవు. ఎండకు పెళుసెక్కి ముక్కలవుతుంది, ముక్కలు ఇంకా చిన్న ముక్కలవుతాయి. కంటికి కనిపించడం మానేస్తాయి, అంతే. పోవు.

కొత్తగా వచ్చిన షీట్లలో అసలైన వాటిని పీబ్యాట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. అది కూడా పాలిస్టరే, ఈస్టర్ ముడులున్నదే. ఆకును విప్పే ఎంజైములే దాన్నీ విప్పగలవు. 2018లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ శాస్త్రవేత్తలు మంచి ప్రయోగం చేశారు. పీబ్యాట్‌లోని కార్బన్‌కి ఒక గుర్తు పెట్టి మట్టిలో వేశారు. ఆ గుర్తున్న కార్బన్ కొంత కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి వచ్చింది, కొంత సూక్ష్మజీవుల ఒంట్లో దొరికింది. అంటే ముక్కలు కావడం కాదు, నిజంగానే తిన్నాయి. నా దృష్టిలో ఈ చర్చ మొత్తంలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం అదే.

ఇక్కడో వింత ఉంది. ఈ పీబ్యాట్ తయారయ్యేది చాలావరకు పెట్రోలియం నుంచే. మరోపక్క బ్రెజిల్‌లో బ్రాస్కెమ్ అనే కంపెనీ 2010 నుంచి చెరకు రసంతో ఆల్కహాల్ చేసి, దానితో పాలిథీన్ చేస్తోంది. చెరకు నుంచి వచ్చింది కాబట్టి దాన్నీ "బయో" ప్లాస్టిక్ అంటారు. కానీ అది అచ్చమైన పాలిథీన్. మట్టిలో వేస్తే మామూలు కవరులాగే ఉంటుంది. కాబట్టి దేనితో చేశారన్నది ఒక ప్రశ్న, మట్టి తింటుందా అన్నది వేరే ప్రశ్న. మొక్కజొన్న బొమ్మ, చెరకు గడ బొమ్మ, ఆకుపచ్చ రంగు ప్యాకింగు చూసి ఈ రెండూ ఒకటే అనుకుంటే దెబ్బతింటాం. రైతుగా మనకు రెండో ప్రశ్నే ముఖ్యం.

మొక్కజొన్న, చెరకు చక్కెర నుంచి చేసేది ఇంకొకటుంది, పీఎల్ఏ. జ్యూసు గ్లాసులు, చెంచాలు, కొన్ని టీ కప్పుల లోపలి పూత దీనితో వస్తాయి. ఉత్తరప్రదేశ్‌లో బలరాంపూర్ చీనీ మిల్స్ వాళ్లు చెరకు నుంచి పీఎల్ఏ చేసే ఫ్యాక్టరీ పెడుతున్నారు, కాబట్టి మున్ముందు మన చేతికి ఇది ఎక్కువగా వస్తుంది. దీనిలోనూ ఈస్టర్ ముడులున్నాయి గానీ ఒక చిక్కుంది. దాదాపు 60 డిగ్రీల వేడి తగిలేదాకా ఆ గొలుసులు బిగుసుకునే ఉంటాయి, నీళ్లు లోపలికి వెళ్లవు. పెద్ద కంపోస్ట్ ప్లాంట్లలో 58 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉంచితే పోతుంది. మన వర్మీ కంపోస్ట్ బెడ్డు 35 డిగ్రీలు దాటితే వానపాములే బతకవని తడిపి చల్లబరుస్తాం. అందులో పీఎల్ఏ గ్లాసు వేస్తే వానపాములు దాని చుట్టూ తిరుగుతాయి తప్ప ముట్టవు. పేడ దిబ్బ లోపల వేడెక్కుతుంది నిజమే, కానీ ఆ వేడి కొన్ని రోజులే, అదీ నడిమి భాగంలోనే. అందుకే "కంపోస్టబుల్" అని రాసి ఉన్నంత మాత్రాన పొలంలో వేసుకోవచ్చని కాదు. ఆ ముద్ర ఫ్యాక్టరీ కంపోస్టుకి ఇచ్చిన ముద్ర.

మూడోది పీహెచ్ఏ. దీని సంగతి ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు నచ్చుతుంది. మనకు పండిన ఏడాది గాదెలో ధాన్యం దాచుకున్నట్టు, కొన్ని మట్టి బ్యాక్టీరియాలు తిండి ఎక్కువైనప్పుడు ఒంట్లో చిన్న గుళికలుగా దీన్ని దాచుకుంటాయి. కరువులో కరిగించుకుని వాడుకుంటాయి. 1926లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మోరిస్ లెమోయిన్ అనే శాస్త్రవేత్త బాసిల్లస్ జాతి బ్యాక్టీరియాలో దీన్ని కనిపెట్టారు. మనం పేరెత్తే అజటోబాక్టర్ కూడా దాచుకుంటుంది. అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థం మన మట్టిలో ముందునుంచే ఉంది, దాన్ని తినేవీ అక్కడే ఉన్నాయి. ఖరీదు ఎక్కువ కాబట్టి మల్చింగ్ షీటుగా మన ఊళ్ల దాకా ఇంకా రాలేదు.

నాలుగో సరుకు, జాగ్రత్త

ఇప్పుడు చెడ్డదాని సంగతి. "ఆక్సో బయోడిగ్రేడబుల్" లేదా "ఆక్సో డిగ్రేడబుల్" అని ఉంటుంది. మామూలు పాలిథీన్‌లోనే కోబాల్టు, మాంగనీసు, ఇనుము లాంటి లోహాల లవణాలు కొద్దిగా కలుపుతారు. ఎండ, వేడి తగిలితే త్వరగా పెళుసై పొడి పొడి అవుతుంది. చూసేవాళ్లకు "అబ్బ, కలిసిపోయింది" అనిపిస్తుంది. నిజానికి తీయగలిగే షీటు కాస్తా తీయలేని పొడిగా మారింది. మట్టి కప్పిన అంచులకు ఎండ తగలదు, అవి ఎప్పట్లాగే ఉండిపోతాయి. పైది పొడి, కిందది పేలిక. యూరోప్ దేశాలు ఆక్సో రకం ప్లాస్టిక్ వస్తువులను 2021 జులై నుంచి మార్కెట్లో పెట్టకూడదన్నాయి. నన్నడిగితే, మన పొలంలో ఎవరైనా ఉచితంగా పరుస్తామన్నా దీన్ని గేటు దగ్గరే ఆపాలి. మామూలు షీటు వేసుకుని శుభ్రంగా తీసెయ్యడం దీనికన్నా వంద రెట్లు నయం.

ఈ "బయో" అనే మాట ఇంతగా పెరగడానికి చట్టం కూడా ఒక కారణం. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు నిషేధించారు. ఆ ఏడాది చివరినుంచి 120 మైక్రాన్ల లోపు క్యారీ బ్యాగులూ వద్దన్నారు. కంపోస్టబుల్ సంచులకు మాత్రం మందం నిబంధన లేదు. దాంతో నిజమైన వాళ్లూ వచ్చారు, పేరు అతికించుకున్న వాళ్లూ వచ్చారు. 2024లో నిబంధనలు సవరించి, బయోడిగ్రేడబుల్ అనాలంటే మైక్రోప్లాస్టిక్ మిగలకూడదని రాశారు. మంచి మాట. అమలు సంగతి సంతలో కవర్లు చూస్తే తెలుస్తుంది.

నిజమైనవీ ఉన్నాయని చెప్పడానికి మనకు దగ్గరి ఉదాహరణ తిరుమల. 2021 ఆగస్టులో లడ్డూ కౌంటర్ల దగ్గర డీఆర్‌డీవో వాళ్ల సంచుల అమ్మకం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లోని వాళ్ల ల్యాబు చేసిన పని అది. 90 రోజుల్లో కలిసిపోతాయని అప్పుడు ప్రకటించారు.

కొనే ముందు ఎలా చూసుకోవాలి

షీటు అయినా కవరు అయినా మొదట రాత చూడండి. కంపోస్టబుల్ సరుకైతే ఐఎస్/ఐఎస్ఓ 17088 అనే నంబరు, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన సర్టిఫికెట్ నంబరు ఉండాలి. మల్చింగ్ షీటుకైతే అడగాల్సింది ఇంకొకటి, ఈఎన్ 17033. ఇది 2018లో యూరోప్ తెచ్చిన ప్రమాణం, ప్రత్యేకంగా మట్టిలో వదిలేసే షీట్ల కోసం. ఫ్యాక్టరీ వేడిలో కాదు, 20 నుంచి 28 డిగ్రీల మామూలు మట్టిలో రెండేళ్లలోపు 90 శాతం కార్బన్ డయాక్సైడ్‌గా మారాలంటుంది. ఇక్కడ "రెండేళ్లు" అనే మాట గుర్తుపెట్టుకోండి. డీలరు "ఒక్క వానకి కరిగిపోతుంది" అంటే అది అమ్మకం మాట.

ఇంట్లోనే చేసుకునే పరీక్షలు రెండు మూడున్నాయి. వీడియోలో చూపించినవే.

గిన్నెలో నీళ్లు పోసి, ఒక్క చుక్క షాంపూ కలిపి, గోరంత ముక్క నీళ్లలో ముంచి గాలి బుడగలు పోయేలా వేలితో రుద్ది వదలండి. పాలిథీన్ నీళ్లకన్నా తేలిక, పైకి తేలుతుంది. పీబ్యాట్, పీఎల్ఏ బరువైనవి, మునుగుతాయి. తేలిందంటే అది మట్టి తినే రకం కాదు, ఇంక మాటల్లేవు. మునిగితే మాత్రం వెంటనే నమ్మకండి, సుద్దపొడి ఎక్కువ కలిపిన పాలిథీన్ కూడా మునుగుతుంది.

రెండోది, "పిండితో చేసింది" అంటే ఒక చుక్క బెటాడిన్ వేయండి. నలుపు నీలం రంగు వస్తే పిండి ఉన్నట్టే. అయితే పాలిథీన్‌లో పిండి కలిపి అమ్మేవాళ్లూ ఉన్నారు. అందులో పిండిని సూక్ష్మజీవులు తింటాయి, పాలిథీన్ జల్లెడలాగా మిగులుతుంది. కాబట్టి పిండి ఉందని తెలిసిందే తప్ప కలిసిపోతుందని తెలియలేదు.

అన్నిటికన్నా నమ్మకమైనది పాతిపెట్టి చూడటం. జానెడు చదరం ముక్కలు మూడు తీసుకోండి: మీరు కొనాలనుకుంటున్న షీటు, మామూలు మల్చింగ్ షీటు, పాత నూలు గుడ్డ. ఒక్కోదాన్ని ఉల్లిపాయల వల సంచిలో పెట్టి డ్రిప్ పైపు కింద అరడుగు లోతులో పాతండి, పుల్ల గుచ్చి గుర్తు పెట్టండి. రెండు నెలలకోసారి తీసి చూడండి. నూలు గుడ్డ ఎందుకంటే, అది మన నేల సాక్షి. గుడ్డ చివికిపోయి షీటు చెక్కుచెదరకుండా ఉంటే ఆ షీటు అబద్ధం. గుడ్డ కూడా అలాగే ఉందంటే తప్పు షీటుది కాదు, నేలలో తడి లేదు, జీవం పని చేయడంలేదు. అనంతపురం ఎర్ర నేలలో ఎండాకాలం నాలుగు నెలలు ఆకే కుళ్లదు, షీటు ఎలా కుళ్లుతుంది? కోనసీమలో పనిచేసిన షీటు కదిరిలో అదే వేగంతో పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అందుకే ప్రతి రైతూ తన నేలలో చూసుకోవాలంటాను.

వాడుకోవచ్చా మరి?

సర్టిఫికేషన్ ఉన్న రైతులు ఇది జాగ్రత్తగా చదవండి. మన ఎన్‌పీఓపీ ప్రమాణాల్లో మల్చింగ్‌కి పాలిథీన్, పాలిప్రొపిలీన్ లాంటివి ఒప్పుకుంటారు. షరతేమిటంటే వాడాక నేలలోంచి తీసెయ్యాలి, పొలంలో కాల్చకూడదు. పీవీసీ రకం అసలే పనికిరాదు. "కలిసిపోతుంది, తీయక్కర్లేదు" అనే షీటు ఈ షరతుకి ఎదురు నిలబడుతుంది. అమెరికా ఆర్గానిక్ నిబంధనల్లో 2014లో బయోడిగ్రేడబుల్ షీటుకి చోటిచ్చారు గానీ, పూర్తిగా మొక్కల నుంచి వచ్చినదై ఉండాలన్నారు. పీబ్యాట్ పెట్రోలియం సరుకు కాబట్టి అది దాటలేదు. మీరు వేసే ముందు సర్టిఫికేషన్ ఏజెన్సీకి షీటు పేరు, సర్టిఫికెట్ కాపీ పంపి రాతపూర్వకంగా అడగండి. వేశాక అడిగితే ఆ పొలం సంగతి ఏమవుతుందో మీకు తెలుసు.

సర్టిఫికేషన్ లేకపోతే, ఇప్పటిదాకా మామూలు షీటు వాడుతూ ముక్కలు తీయలేకపోతున్నవాళ్లకు అసలైన పీబ్యాట్ షీటు మేలైన మార్పే. పుచ్చ, కీర, ఖర్బూజ లాంటి మూడు నెలల పంటకి సరిపోతుంది. మిరపలాగా ఎనిమిది తొమ్మిది నెలలు నిలబడే పంటకి ముందే చిరుగులు పట్టి గడ్డి లేస్తుంది. ధర మామూలు దానికి రెండు మూడు రెట్లుంటుంది. తీసే కూలీ మిగులుతుంది కాబట్టి ఆ తేడా కొంత తగ్గుతుంది, పూర్తిగా పూడదు. నిల్వ కూడా పెట్టకూడదు, షెడ్డులో రెండు ఎండాకాలాలు ఉంచితే రోలు మీదే బలం పోతుంది.

కానీ ప్రకృతి వ్యవసాయంలో మనం ఆచ్ఛాదన వేసేది ఒక్క కలుపు కోసం కాదు కదా. గడ్డి కప్పు కింద వానపాము పైకొస్తుంది, కప్పే ఎరువవుతుంది, వాన నీళ్లు ఎక్కడ పడితే అక్కడ ఇంకుతాయి. పీబ్యాట్ షీటు ఎంత మంచిదైనా ఎకరాకి పాతిక ముప్పై కిలోల కార్బన్ ఇస్తుందేమో. మూడు టన్నుల గడ్డితో అది పోటీ కాదు. నేను వేసేది గడ్డే. అయితే గడ్డి దొరకడం కష్టమన్నది కూడా నిజమే, దాన్ని దాచిపెట్టి మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు. వరిగడ్డి పశువులకే చాలడంలేదు, వేరుశనగ కట్టె అంతకన్నా ప్రియం. కొన్నచోట రేటు, ట్రాక్టరు బాడుగ కలిస్తే షీటే చవక అనిపిస్తుంది. ఎండుగడ్డికి చెద పడుతుంది, నిప్పు భయం ఉంది.

అందుకని ఒకేదాని మీద ఆధారపడకండి. చెరకు తోట దగ్గరుంటే చెరకాకు తెచ్చుకోండి, దాన్ని పశువులు పెద్దగా తినవు, రైతులు తగలబెట్టేస్తుంటారు. కొబ్బరి మట్టలు, గట్ల మీది గ్లైరిసిడియా కొమ్మలు, తుంచిన మొక్కజొన్న చొప్ప, అన్నీ పనికొస్తాయి. వానలకు ముందే నవధాన్యాలు చల్లుకునే పీఎండీఎస్ పద్ధతి చేసేవాళ్లకు ఆ పైరునే కోసి అక్కడే పరిస్తే మొదటి నలభై రోజుల కలుపు అదుపులో ఉంటుంది. సాలుకీ సాలుకీ మధ్య అలసంద వేస్తే అది బతికున్న కప్పు. గడ్డి మరీ తక్కువైతే మొక్క మొదట్లో రెండడుగుల గుండ్రంగా మాత్రమే వేయండి.

షీటు ఒక్కటే కాదు, ఇంకా చిన్న చిన్నవి చాలా ఉన్నాయి. టమాటాకి కట్టే ప్లాస్టిక్ పురికొస చూడండి. పంట అయ్యాక తీగతో పాటు కంపోస్టులో పడుతుంది, రోటవేటరు బ్లేళ్లకి చుట్టుకుంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు గోగునార పండిస్తారు, ఆ నారతో పేనిన పురికొస ఒక పంటకి నిలబడుతుంది, తర్వాత తీగతో పాటే కుళ్లుతుంది. ఎరువు సంచుల నోరు కుట్టిన దారం కూడా ప్లాస్టికే, విప్పాక జేబులో వేసుకోండి. పేపరు టీ కప్పు లోపల పల్చటి పూత ఉంటుంది, కూలీలు తాగి పారేసిన కప్పులు కంపోస్టులో వేస్తే ఆ పూత పొరలా మిగులుతుంది. పొలంలో అన్నాలకి మోదుగ విస్తరాకులు, మన్యంలో అడ్డాకులు, పోక పట్ట ప్లేట్లు ఉన్నాయి, వీటికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. నర్సరీ కవర్లకి బదులు కొబ్బరి పీచు కుండీలు దొరుకుతున్నాయి, మొక్కతో పాటే పాతెయ్యొచ్చు. పట్నం నుంచి వచ్చే సిటీ కంపోస్ట్ లోడు దించుకునే ముందు ఒక గంపెడు జల్లించి చూడండి. కవరు ముక్కలు కనిపిస్తే వెనక్కి పంపెయ్యండి, ఒకసారి చల్లాక ఏరలేరు.

ఇప్పటికే నేలలో ఉన్న పాత షీటు ముక్కల గురించి కూడా అడిగారు. తొలకరికి ముందు లోతు తక్కువగా ఒక గొర్రు తోలి, మొదటి వాన పడ్డాక నడిచి ఏరడం ఒక్కటే దారి. వాన మట్టిని కడిగి ముక్కల్ని పైకి చూపిస్తుంది. రోటవేటరు మాత్రం ముందు వేయకండి, ఒక ముక్క యాభై ముక్కలవుతుంది.

పాతిపెట్టి చూసే పరీక్ష ఈ సీజన్లో చేసేవాళ్లు మీ నేల రకం, ఎన్ని తడులు ఇచ్చారు, గుడ్డ ఎన్నాళ్లకి చివికింది, షీటు ఎలా ఉంది, ఈ నాలుగూ రాసి ఫొటోతో పంపండి. నా ముక్కలు ఆరో నెలలో తీసేటప్పుడు మీవి కూడా కలిపి తర్వాతి వీడియోలో చూపిస్తాను.